అపమామ లెక్క చెప్పిన చెట్లు

అల్మారా పై అరలో నుంచి షిగ్రా సంచి దింపి మూతి విప్పగానే పొగ వాసన గుప్పుమంది. కట్టెల పొయ్యి మీద నెలల తరబడి వేలాడి, పొగ తాగి నల్లబడిన వాయుసా ఆకుల వాసన అది. కొంచెం తీపి, కొంచెం వగరు. విశాఖపట్నం ఉప్పుగాలిలో ఇన్నేళ్ళున్నా ఆ సంచిని వదల్లేదు.

సంచి వెతకడానికి కారణం మొన్న రాత్రి ఫోనుకు వచ్చిన రెండు సందేశాలు. ఈక్వడార్‌లోని నాపో ప్రావిన్స్‌లో, తేనా పట్టణానికి దిగువన, నది ఒడ్డున ఉన్న ఒక కిచ్వా ఆదివాసుల పల్లె నుంచి వచ్చాయి. మొదటి దానిలో ఒకే మాట: "అమ్మ వెళ్ళిపోయింది." రెండోది గంట తరువాత వచ్చింది. "న్యాన్యా, అమ్మ వెంట తిరుగుతూ నువ్వు చెట్ల లెక్క రాసుకున్న పుస్తకం ఇంకా ఉందా?" న్యాన్యా అంటే అక్కా అని.

సందేశాలు పంపినవాడి అమ్మను ఊరంతా అపమామ అనేవారు. నాపో కిచ్వాలో అవ్వ అని అర్థం. నేనూ అలాగే పిలిచాను. ఆవిడ నన్ను "ఉషీ" అనేది. మొదట్లో నా పేరు తప్పుగా పలుకుతోందనుకున్నాను. ఉషీ అంటే కూతురు అని ఆవిడ కోడలు చెప్పే వరకు నాకు తెలియదు.

* * *

ఉపగ్రహ చిత్రాలు చదవడం హైదరాబాదులో నేర్చుకున్నాను. ఆ చదువే నన్ను అమెజాన్ దాకా తీసుకుపోయింది. ఒక పరిశోధన బృందంలో ఉద్యోగం. అడవి ఎక్కడ ఎంత తగ్గింది, దాని చోట ఏమి వచ్చింది అని పటాలు గీయాలి. చిత్రం మీద చూసింది నేల మీద నిజమో కాదో నడిచి సరిచూసుకోవాలి. ఆ నడక కోసమే ఆ ఊరిలో ఉన్నాను. అపమామ కోడలి ఇంట్లో ఒక మూల నా మంచం. స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు. పైకప్పు కొంత రేకు, కొంత ఆకు. వాన పడితే రేకు కింద మాట వినిపించేది కాదు. అందరం ఆకు కప్పు కిందికి జరిగి కూర్చునేవాళ్ళం.

రోజు తెల్లవారుజామున మూడున్నరకు మొదలయ్యేది. ముందు పుల్లలు విరిచే చప్పుడు, తరువాత నిప్పు ఊదే చప్పుడు, ఆ వెనుక కుండ మూత కదలడం. వాయుసా ఆకులను మామిడి తోరణంలా నారకు గుచ్చి పొయ్యి మీద వేలాడదీసేవారు. అందులో గుప్పెడు దూసి కుండలో వేసి మరిగించేవారు. పిల్చి అనే కాయ డొప్పతో ముంచి, ముందు పెద్దవాళ్ళకు, తరువాత పిల్లలకు ఇచ్చేవారు. టీలాగే ఒంటికి చురుకు పుట్టించే ఆకు. పాలు లేవు, చక్కెర లేదు.

ఆ వేళ అడిగే మొదటి ప్రశ్న "ఏమి కల వచ్చింది?" అని. ఇంట్లో ప్రతి ఒక్కరూ చెప్పాలి. కలను బట్టి వేటకు వెళ్ళాలా, ఏరు దాటాలా, ఇంటి పట్టునే ఉండాలా అని నిర్ణయించేవారు. చెప్పేవాళ్ళు చెబుతుంటే అపమామ తొడ మీద పీతా నారను పేనుతూ వినేది. ఆ నారతోనే షిగ్రా సంచులు అల్లేది. అరచేయి తొడ మీద పాకే ఆ చప్పుడు, మెత్తటి రాపిడి, ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఒకరోజు నా కలలో మా నాన్న అడవి అంచున నిలబడి ఉన్నాడు. భయపడుతూ చెప్పాను. అప్పటికి ఆయన పోయి ఏడాది కాలేదు. అపమామ పేనడం ఆపి అడిగింది: "చేతిలో కత్తి ఉందా, కర్ర ఉందా?" కర్ర అన్నాను. "అయితే ఫరవాలేదు. తాగు" అంది.

* * *

మా నాన్న అడ్డతీగల ప్రాంతంలో అటవీ శాఖలో చిన్న ఉద్యోగి. వేసవి ముదిరితే రాత్రిళ్ళు కొండల మీద ఎర్రటి గీతలు కనిపించేవి. పోడు నిప్పు. తెల్లారేసరికి నాన్న కర్ర పట్టుకుని వెళ్ళేవాడు, రాత్రికి చొక్కా నిండా పొగ వాసనతో వచ్చేవాడు. అడవి కొట్టి సాగు చేయడమంటే నా మనసులో నిప్పే. అందుకే ఆ ఊరిలో కొత్త చక్రా కొడుతున్నారని తెలిసినప్పుడు కెమెరా సిద్ధం చేసుకుని పొగ కోసం ఎదురుచూశాను.

చక్రా అంటే వాళ్ళ తోట. మన చక్రానికీ ఆ మాటకూ సంబంధం లేదు, కానీ నాకు మాత్రం ఎప్పుడూ తిరిగే చక్రమే గుర్తుకొచ్చేది.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. పొగ రాలేదు. తేనా పరిసరాల్లో ఏడాదికి దాదాపు 4,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కొట్టిన చెట్టు ఎండే సందే ఉండదు. అందుకని తగలబెట్టరు. పడ్డచోటనే వదిలేసి, కొమ్మల సందుల్లో కర్రపెండలం ముక్కలు గుచ్చుతారు. పైన చెట్టు చివుకుతూ ఉంటుంది, కింద దుంప ఊరుతూ ఉంటుంది. మోకాలి లోతు తడి ఆకుల్లో, బూజు పట్టిన మానుల మీదుగా దాటుతూ నాటడం చూసి, ఇదేమి వ్యవసాయమని ఆశ్చర్యపోయాను. నెల తరువాత వెళితే ఆ చెత్తలో నుంచి చేతివేళ్ళు చాచినట్టు పెండలం ఆకులు పైకి వచ్చాయి.

కర్రపెండలాన్ని వాళ్ళు లుమూ అంటారు. అది ఆడవాళ్ళ పంట. నాటేముందు చెంపలకు మందురు పూసుకుంటారు. మన దగ్గర జాఫ్రా అంటామే, అదే గింజ, అదే ఎరుపు. అపమామ నాకూ పూసింది. తరువాత నా కుడిచేయి తన ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క వేలినీ కణుపు టప్పుమనేదాకా లాగింది. లుమూ పాజు అంటారు దాన్ని. పెండలం బాగా ఊరించే శక్తి ఒక చేతి నుంచి ఇంకో చేతికి అలా వెళుతుందట. ఆవిడకు వాళ్ళ అత్త ఇచ్చింది. ఐదు వేళ్ళూ అయ్యాక నా చేయి మూసి, "ఇక పో, నాటు" అంది. ఆ మధ్యాహ్నం వానలో నేను నాటిన ముక్కలు నలభైకి పైనే.

* * *

ఇక నేను చేసిన తప్పు సంగతి.

చక్రాలో లుమూ రెండు మూడేళ్ళు పండుతుంది. తరువాత అరటి, పండ్ల చెట్లు మిగులుతాయి. ఆ పైన దాన్ని అడవికి వదిలేస్తారు. దాన్ని పురున్ అంటారు. ఉపగ్రహం నుంచి చూస్తే పురున్ చిందరవందరగా కనబడుతుంది. పైకప్పు సమంగా ఉండదు, మధ్యమధ్య వెలుతురు మచ్చలు. మా వర్గీకరణలో ముదురాకుపచ్చ అడవి, లేతాకుపచ్చ పంట, పసుపు క్షీణించిన భూమి. నేను పురున్‌లన్నిటికీ పసుపు వేశాను. ఏటి వెంట పసుపు మరకలతో పటం తయారైంది. అచ్చు వేయించి ఊరి సభా మందిరంలో గోడకు అంటించాం.

అపమామకు చదువు రాదు కానీ ఏరు ఎక్కడ వంగిందో చూసి పటాన్ని ఇట్టే పట్టేసింది. వేలు పసుపు మీద పెట్టి ఇదేమిటని అడిగింది. నేను స్పానిష్‌లో చెప్పాను. కోడలు కాసేపు తటపటాయించి కిచ్వాలో చెప్పింది: "యంగా అల్ప." యంగా అంటే ఊరికే, దేనికీ పనికిరాని. అల్ప అంటే నేల.

అపమామ ఏమీ అనలేదు. మర్నాడు వాయుసా తాగాక కత్తి తీసుకుని "పద" అంది. ఇంటి వెనుక పురున్‌కు తీసుకెళ్ళింది. నాకు అది పొదలు మూసిన దారి. ఆవిడకు పెరడు.

"ఇది వాయుసా. మా అత్త నాటింది." కొంచెం దూరం. "ఇదీ వాయుసానే. ఈ కొమ్మ ఆ చెట్టుదే." వాయుసా గింజతో మొలవడం దాదాపు ఉండదు. కొమ్మ విరిచి గుచ్చాల్సిందే. అడవిలో ఎక్కడ వాయుసా నిలబడి ఉన్నా, ఏదో ఒక కాలంలో అక్కడ ఒక ఇల్లు ఉండేదని వాళ్ళకు గుర్తు. ఇంకో పది అడుగుల్లో చుంటా, నిలువెల్లా ముళ్ళున్న తాటి జాతి చెట్టు. దాని ఎర్రటి పండ్లు ఉడకబెట్టి తింటారు. "పెద్దవాడు పుట్టిన ఏడు పెట్టాను." దాని పక్కన పాతాస్, కోకోకు చుట్టం. గింజలు పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాలుస్తారు. ఆ పైన కప్పుకు ఆకులిచ్చే లీసాన్ గుబురు, నార ఇచ్చే పీతా, నూనె ఇచ్చే ఉంగురావా. ఒక మాను పైన పొడవాటి గూళ్ళు వేలాడుతున్నాయి, మన గిజిగాడి గూళ్ళకు రెండింతలు. రాలిన పండ్ల కోసం జంతువులు వస్తాయట, అందుకే ఆవిడ కొడుకులు వేట నేర్చుకున్నది కూడా ఇక్కడేనట.

నేను రాసుకుంటూ వెళ్ళాను. మధ్యలో వాన వచ్చింది. పెద్ద ఆకు కోసి పుస్తకం మీద పట్టుకుంది ఆవిడ, తను తడుస్తూనే. మధ్యాహ్నానికి 61 చెట్లు అయ్యాయి. ప్రతి చెట్టుకూ నాటిన మనిషి ఉంది. తానంతట తాను మొలిచినదైతే, నరకకుండా వదిలేసిన మనిషి ఉంది.

రంగు మార్చాలని బృందంలో అడిగాను. వర్గీకరణలో అలాంటి గడి లేదన్నారు. తుది నివేదికకు గడువు దగ్గరపడింది. పటం పసుపుతోనే వెళ్ళింది. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఈ ఒక్క విషయంలో నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

* * *

ఆ రోజు పురున్ నుంచి తిరిగి వస్తూ పచ్చిక బయలు మీదుగా నడిచాం. ఒకటి రెండు బక్క ఆవులు, నడుమెత్తు గడ్డి, మధ్యలో కాలిన మొద్దులాంటి ఒంటరి చెట్టు. నా పటంలో అది లేతాకుపచ్చ. ఉత్పాదక భూమి. అక్కడ ఆగి అపమామ చెప్పింది: "దీన్ని నరికింది మేమే."

1964లో ఆ దేశం భూసంస్కరణలతో పాటు బంజరు భూములు, వలస సేద్యం మీద ఒక చట్టం చేసింది. బంజరు అనే మాటలోనే ఉంది అంతా. తరతరాలుగా మనుషులున్న అడవి కాగితం మీద ఎవరూ లేని నేల అయింది. సేద్యం చేస్తున్నట్టు చూపిస్తేనే పట్టా. సేద్యమంటే చెట్లు లేకపోవడం. 1967లో ఉత్తరాన లాగో అగ్రియో దగ్గర చమురు పడింది. 1972లో గొట్టపు మార్గం, దాని వెంట రోడ్లు, రోడ్ల వెంట కొండ ప్రాంతాల నుంచి భూమి లేని పేదలు. వాళ్ళకు కుటుంబానికి సుమారు 50 హెక్టార్ల చొప్పున చీలికలు. వాళ్ళను తిట్టుకునేది కాదు అపమామ. "వాళ్ళకూ పిల్లలున్నారు" అనేది.

కొలతలు వేసేవాళ్ళు వస్తున్నారని తెలిసి ఊరు ఊరంతా మింగాకు దిగింది. మింగా అంటే అందరూ కలిసి చేసే పని. ఇల్లు కట్టడానికి, పడవ తొలచడానికి పిలిచే మింగాను ఆసారి అడవి కొట్టడానికి పిలిచారు. రెండు నెలలు కొట్టారు. గడ్డి నాటారు. అప్పు తెచ్చి ఆవులను కొన్నారు. ఆవు పాలు తాగే అలవాటు లేదు, ఆవును మేపడం తెలియదు. ఆ నేల మీద ఆవు కాళ్ళు కూరుకుపోయేవి, గిట్టలు కుళ్ళేవి. అయినా ఆవు ఉండాలి. ఆవు ఉంటేనే భూమి ఉన్నట్టు.

"అందులో మా అమ్మ చుంటాలు ఉన్నాయి" అంది. ఎన్ని అని అడగలేకపోయాను. ఆవిడే చెప్పింది, తొమ్మిది అని.

అడవిని నరికినవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు దురాశ అనే మాట తేలికగా వస్తుంది. నేనూ అలాగే రాసేదాన్ని. ఆ గడ్డిలో నిలబడ్డాక నా కలానికి ఆ మాట రాలేదు. అక్కడ గొడ్డలి దెబ్బే భూమికి సంతకం.

అపమామ చెల్లెలిని దక్షిణాన పాస్తాసా ప్రాంతానికి ఇచ్చారు. 1992లో పూయో నుంచి రాజధాని కీటోకు వేల మంది నడిచారు, కొండలెక్కుతూ, చలికి వణుకుతూ. ఆ చెల్లెలూ నడిచింది. అడవిని నరకకుండానే అది తమదని ఒప్పించిన నడక అది. 11 లక్షల హెక్టార్లకు పైగా పట్టాలు వచ్చాయి. నేల కింద ఉన్నది మాత్రం ప్రభుత్వానిదే. అపమామ ఆ సంగతి చెప్పినప్పుడల్లా చివర ఒకే మాట అనేది: "మేము తొందరపడ్డాం."

* * *

ఊరి చప్పుళ్ళలో మొదట మారింది రంపం. గొడ్డలి చప్పుడుకు ఒక లెక్క ఉండేదట. ఎవరు కొడుతున్నారో, ఏ చెట్టు కొడుతున్నారో ఇంట్లో కూర్చుని చెప్పేవారు. మోటారు రంపం అన్ని చెట్లనూ ఒకేలా అరిపిస్తుంది. ఆ తరువాత రోడ్డు. 1987 మార్చి భూకంపంలో చమురు గొట్టం, దాని రోడ్డు కొట్టుకుపోయాయి. దానితో లోరెతో వైపు కొత్త రోడ్డు ఆదరాబాదరాగా పూర్తిచేశారు. అటువైపు ఉన్న ఆవిడ బంధువుల ఊళ్ళలోకి లారీలు అలా వచ్చాయి. బస్సు ఎక్కి తేనా వెళ్ళి నరంహీయా అనే పుల్లటి పండ్లు అమ్ముకోవడం మొదలైంది. ఆ పంటకు కొత్తగా కొట్టిన అడవి నేలే కావాలి. రెండు మూడేళ్ళకు పురుగు పడుతుంది, మళ్ళీ కొత్త నేల.

నేను వచ్చేశాక బల్సా వచ్చింది. గాలిమరల రెక్కల లోపల పెట్టే తేలిక కలప. 2019, 2020లలో దానికి ఎక్కడలేని గిరాకీ పుట్టింది. పురున్‌లో, ఏటి లంకల్లో తొందరగా పెరిగే చెట్టు అది. లేత మానులు కూడా మిగల్లేదని అపమామ కొడుకు ఫోనులో చెప్పాడు. కాలుష్యం లేని కరెంటు కోసమే కదా అని నేను ఇక్కడ సంతోషించే గాలిమరలు ఆ రోజు నుంచి వేరేగా కనబడుతున్నాయి.

* * *

తిరిగి వెళ్ళింది ఒక్కసారే. 2022 చివర.

హతున్‌యాకు అంటే పెద్ద నీరు. అది అన్సు నదితో కలిసి నాపో నది అవుతుంది. నేనున్న రోజుల్లో హతున్‌యాకు నీళ్ళలో పాదాలు పెడితే వేలి గోళ్ళు కూడా కనిపించేవి. ఈసారి ముదురు టీ రంగు. కారణం దారిలోనే కనిపించింది. యుట్సుపినో దగ్గర ఒడ్డు ఒడ్డంతా తిరగేసి ఉంది, గులకరాళ్ళ దిబ్బలు, మధ్యలో ఆకుపచ్చగా నిలిచిన నీటి గుంటలు. బంగారం కోసం. ఆ ఏడాది ఫిబ్రవరిలో సైన్యం, పోలీసులు వచ్చి ఒక్క దాడిలోనే వందకు పైగా పొక్లెయిన్లు పట్టుకున్నారు. కొద్ది నెలల్లో అన్ని యంత్రాలు రోడ్డు మీదుగానే వచ్చి చేరాయి. ఎవరి కంటా పడలేదంటే నమ్మలేను.

అపమామ బాగా వంగిపోయింది. నా కుడిచేయి పట్టుకుని వేళ్ళు తడిమి చూసింది. "నాటుతున్నావా?" అంది. మూడో అంతస్తులో ఉంటున్నానని చెప్పడానికి సిగ్గేసింది. పచ్చిక బయలులో గడ్డి సగం పోయింది. ఆవులు లేవు. వాయుసా కొమ్మలు వరసగా గుచ్చి ఉన్నాయి, వాటి నీడన కోకో మొక్కలు. కోడలు నాటింది.

2023లో నాపో చక్రాను ప్రపంచానికి ముఖ్యమైన వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ గుర్తించింది. ఆ వార్త నేనే ఫోనులో చెప్పాను. కోడలు కిచ్వాలో వివరించింది. కొంచెంసేపు ఏమీ వినిపించలేదు. తరువాత అపమామ గొంతు: "అంటే ఆ పసుపు తీసేస్తారా?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

* * *

పుస్తకం దొరికింది. షిగ్రా అడుగున, ఎండి పొడి అయిన వాయుసా ఆకుల కింద.

కొడుకుకు అది ఎందుకు కావాలో మూడో సందేశంలో తెలిసింది. ఏటి ఒడ్డు నేలను తవ్వకానికి అడుగుతూ మనుషులు వస్తున్నారట. వచ్చే వారం ఊరి సభ. "ముసలావిడ పోయింది, ఆ పొదలు ఖాళీగానే ఉన్నాయి కదా, పటంలో కూడా అలాగే ఉంది అంటున్నారు. అమ్మ చెప్పిన చెట్లన్నీ సభలో పేరు పేరునా చదవాలనుకుంటున్నాను."

నిన్నటి నుంచి టైపు చేస్తున్నాను. అప్పుడు తెలుగులో రాసుకున్నాను కాబట్టి ఒక్కొక్క పేరూ గట్టిగా పలికి, స్పానిష్ అక్షరాల్లోకి మార్చి పంపాలి. కొన్ని పుటల్లో వాన పడి సిరా పాకింది. అయినా చదవగలుగుతున్నాను.

1. వాయుసా. అత్త నాటింది.
2. వాయుసా. ఒకటో చెట్టు కొమ్మ. పెళ్ళయిన ఏడు.
3. చుంటా. పెద్దకొడుకు పుట్టిన ఏడు.
4. పాతాస్. చెల్లెలు పాస్తాసా వెళ్ళే ముందు.
5. ఉంగురావా. తానుగా మొలిచింది. భర్త కొట్టబోతే వద్దంది.
6. చుంటా. నరికిన తొమ్మిదింటిలో ఒకదాని గింజ.